ఎంట్రన్స్ లేకుండా సీటు: ఎవరికి లాభం, ఎవరికి నష్టం?

ఈ రోజు ఒకటే ప్రశ్న మాట్లాడుకుందాం. ఎంట్రన్స్ పరీక్ష రాయించకుండా, అంతకుముందు వచ్చిన మార్కులు చూసి కాలేజీ సీటు ఇస్తే అది మంచి పనా, కాదా? మంచిదైతే ఎవరికి మంచిది?

అమెరికాలో ఈ ప్రశ్న మీద కొన్నేళ్లుగా పెద్ద గొడవే నడుస్తోంది. అక్కడ దీన్ని 'టెస్ట్ ఆప్షనల్' అంటారు. మన దగ్గర ఆ పేరు ఎవరూ వాడరు. కానీ దాదాపు అదే పని మన రాష్ట్రంలో 2008 నుంచీ జరుగుతోంది. మీ ఊళ్లో, మీ వీధిలో, మీ చుట్టాల్లో ఎవరో ఒకరు నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివే ఉంటారు. వాళ్లని అడగండి, ఏ ఎంట్రన్స్ రాశావని. కోవిడ్ టైంలో చేరిన రెండు బ్యాచ్‌ల వాళ్లు తప్ప మిగతా అందరూ ఒకటే చెప్తారు: ఏదీ రాయలేదు, పదో తరగతి మార్కులతోనే వచ్చింది అని.

పదో తరగతి అయిపోగానే మన ఇళ్లలో మొదలయ్యే చర్చ మీకు తెలియనిది కాదు. గుంటూరులోనో విజయవాడలోనో హాస్టల్ ఉన్న కార్పొరేట్ కాలేజీలో వేయాలా? మిర్చి అమ్మిన డబ్బు అందులో పెట్టాలా? లేకపోతే ట్రిపుల్ ఐటీ జాబితా కోసం ఆగాలా? ఎవరి దగ్గర డబ్బుంది, ఎవరి దగ్గర లేదు అన్నది ఈ నిర్ణయంలో పెద్ద భాగం. అందుకే సీటు ఏ లెక్కన ఇస్తారన్నది మన ఇంటి విషయం కూడా.

ముందు మూడు మాటలు విడదీద్దాం

టెస్ట్ ఆప్షనల్ అనగానే 'పరీక్ష లేదు' అనుకుంటారు చాలామంది. అది కరెక్ట్ కాదు. మొత్తం మూడు రకాలు ఉన్నాయి.

మొదటిది, పరీక్ష తప్పనిసరి. నీట్ రాయకుండా ఎంబీబీఎస్ సీటు రాదు. ఎన్ని మార్కులున్నా, ఎంత డబ్బున్నా రాదు. ఐఐటీకి జేఈఈ కూడా అంతే.

రెండోది, పరీక్ష మీ ఇష్టం. రాసి స్కోరు పంపితే చూస్తారు. పంపకపోతే మిగతా కాగితాలు చూసి నిర్ణయం తీసుకుంటారు. అసలైన టెస్ట్ ఆప్షనల్ ఇదే. అమెరికాలో ఎంఎస్‌కి జీఆర్ఈ విషయంలో ఇప్పుడు చాలా చోట్ల ఇదే పద్ధతి.

మూడోది, పరీక్షే చూడరు. మీరు స్కోరు పంపినా పక్కన పెట్టేస్తారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ 2021 నుంచి శాట్ స్కోరు చూడడమే మానేసింది. మన ట్రిపుల్ ఐటీ ఈ మూడో రకానికి దగ్గర. మీరు ఏ ఎంట్రన్స్‌లో ఏ ర్యాంకు తెచ్చుకున్నా అక్కడ దానికి లెక్క లేదు.

ఈ మూడూ కలిపేసి మాట్లాడితే చర్చ తేలదు. ఇవి కాక నాలుగో రకం కూడా మన దగ్గర ఉంది, మార్కులూ ఎంట్రన్స్ రెండూ కలిపేది. ఈఏపీసెట్ అదే. దాని లెక్క తర్వాత చేసి చూపిస్తాను.

ట్రిపుల్ ఐటీ వెనక ఉన్న ఆలోచన

రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్, అంటే ఆర్జీయూకేటీ, 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైంది. నూజివీడు, ఇడుపులపాయ, బాసర, ఈ మూడు చోట్లా క్యాంపస్‌లు పెట్టారు. రాష్ట్రం విడిపోయాక బాసర తెలంగాణకి వెళ్లింది. మనకి 2016లో ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లు వచ్చాయి. దీని రూపకల్పనలో ముఖ్యుడు, మొదటి ఛాన్సలర్ ప్రొఫెసర్ రాజ్ రెడ్డి. చిత్తూరు ప్రాంతంలోని కాటూరు అనే పల్లెటూరు నుంచి వెళ్లి, 1994లో ట్యూరింగ్ అవార్డు తీసుకున్న మనిషి. కంప్యూటర్ రంగంలో దాన్ని నోబెల్‌తో సమానంగా చూస్తారు.

ఆలోచన ఏందంటే, పల్లెటూళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివే తెలివైన పిల్లలు ఎంట్రన్స్‌ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతున్నారు. కారణం తెలివి లేకపోవడం కాదు. ఎంట్రన్స్‌కి రెండేళ్ల కోచింగ్ కావాలి, కోచింగ్‌కి టౌన్ కావాలి, టౌన్‌కి డబ్బు కావాలి. అందుకని పదో తరగతి అయిన వెంటనే, కోచింగ్ అనే మెట్టు రాకముందే, వాళ్లని తీసుకెళ్లి అక్కడే హాస్టల్‌లో పెట్టి ఆరేళ్లు చదివిద్దాం అన్నారు. రెండేళ్లు పీయూసీ, అంటే మన ఇంటర్‌తో సమానం. తర్వాత నాలుగేళ్లు బీటెక్. మధ్యలో ఈఏపీసెట్ లేదు.

ఇంకో ముఖ్యమైన పని కూడా చేశారు. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ స్కూళ్లలో చదివిన పిల్లలకి 4 శాతం 'డిప్రివేషన్ స్కోర్' కలుపుతారు. దీన్ని మామూలు భాషలో వెనుకబాటు మార్కులు అనుకోండి. కారెంపూడి దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో చదివిన అమ్మాయికి 600కి 570 వచ్చాయనుకుందాం. దాదాపు ఇరవై మూడు, ఇరవై నాలుగు మార్కులు కలిసినట్టు. నరసరావుపేటలో ప్రైవేట్ స్కూల్లో చదివి 590 తెచ్చుకున్న అబ్బాయి కన్నా ఆమె ముందుకి వెళ్తుంది.

ఇది అన్యాయం అని కొంతమంది అంటారు. నా లెక్క ప్రకారం ఇది సాయం కన్నా ఎక్కువగా దిద్దుబాటు. స్టడీ అవర్లు, వారం వారం టెస్టులు, ట్యూషన్, ఇవన్నీ ఉండి తెచ్చుకున్న 590కీ, సాయంత్రం ఇంటికెళ్లి పశువులకి నీళ్లు పెట్టి తెచ్చుకున్న 570కీ ఒకే విలువ కట్టడం సరైన తూకం కాదు. రాయి సరిగ్గా లేకపోతే త్రాసు ఎంత మంచిదైనా ఏం లాభం?

ఫలితం కూడా కనపడుతోంది. ఇటీవలి ఏళ్ల ఎంపిక జాబితాలు చూస్తే అమ్మాయిలే ఎక్కువ. మన వైపు చాలా ఇళ్లలో అబ్బాయి కోచింగ్‌కి అప్పు చేస్తారు. అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి 'ఇక్కడే ఏదో ఒక కాలేజీలో చేర్పిద్దాంలే' అంటారు. కోచింగ్ అక్కర్లేని దారి తెరిస్తే ఆ అమ్మాయిలు ముందుకొచ్చారు. దీన్ని మనం తక్కువ చేసి చూడకూడదు.

మరి మార్కుల్ని ఎంత నమ్మొచ్చు?

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఎందుకంటే మార్కులతో సీటు ఇవ్వాలంటే ఆ మార్కులు గట్టిగా ఉండాలి. అవి మెత్తబడితే మొత్తం కూలిపోతుంది.

మొదటి ఇబ్బంది, పైన అందరూ ఒకే చోట గుమిగూడడం. కొన్నేళ్లు మన పదో తరగతిలో మార్కులు తీసేసి గ్రేడ్లు ఇచ్చారు. పదికి పది జీపీఏ వచ్చిన పిల్లలు వేలల్లో ఉండేవారు. అందరికీ పదే అయితే ముందెవరు, వెనకెవరు? 2022 నుంచి మళ్లీ మార్కులు ఇస్తున్నారు. అయినా 2025లో 600కి 600 కూడా వచ్చాయి. సమానమైన మార్కులు వస్తే ట్రిపుల్ ఐటీ వాళ్లు ముందు మ్యాథ్స్ మార్కులు చూస్తారు, తర్వాత సైన్స్, ఆ తర్వాత మిగతావి. అంటే ఒక్క మార్కు, ఒక్కోసారి ఒక్క సబ్జెక్టులో ఒక్క మార్కు, ఆరేళ్ల చదువుని నిర్ణయిస్తుంది.

రెండో ఇబ్బంది, పేపర్ దిద్దడం. 2025లో పదో తరగతి ఫలితాల తర్వాత రీవెరిఫికేషన్‌కి పెట్టుకుంటే 11 వేలకు పైగా జవాబు పత్రాల్లో మార్కులు మారాయి. పాస్ అయితే చాలనుకునే చోట ఇది ఒక రకమైన సమస్య. ఒక్క మార్కు మీద సీటు ఆధారపడే చోట ఇంకా పెద్ద సమస్య. అందుకే ఈ వీడియో చూస్తున్న పదో తరగతి వాళ్లకి ఒక మాట: మీరు ఊహించిన మార్కులకీ వచ్చిన మార్కులకీ పెద్ద తేడా ఉంటే, 'పాసయ్యాం కదా, ఫీజెందుకు దండగ' అనుకోవద్దు. గడువు లోపల రీవెరిఫికేషన్ పెట్టండి. ట్రిపుల్ ఐటీ ఆశ ఉన్నవాళ్లకి ఆ ఫీజు దండగ కాదు.

మూడోది మనందరికీ తెలిసిందే, పైకి మాట్లాడనిదే. పరీక్ష హాల్లో చిట్టీలు. ఒక సెంటర్‌లో కట్టుదిట్టంగా రాయించి, ఇంకో సెంటర్‌లో చూసీ చూడనట్టు వదిలేస్తే, నష్టపోయేది నిజాయితీగా రాసిన పిల్లాడే. ఎంట్రన్స్ ఉన్నప్పుడు ఆ తేడా అక్కడ కొంత సరిపోతుంది. మార్కులే ఫైనల్ అయినప్పుడు సరిచేసే చోటు ఇంకెక్కడా ఉండదు.

అంటే మార్కుల పద్ధతి మంచిదే, కానీ దానికి కాపలా కావాలి. ఎంట్రన్స్ తీసేసినంత తేలిగ్గా ఆ కాపలా పెట్టలేం.

కోవిడ్ టైంలో ఏం జరిగింది?

2020లో పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. అందరూ పాస్. 2021లో కూడా పరీక్షలు జరగలేదు. మరి ట్రిపుల్ ఐటీలో ఎవర్ని తీసుకోవాలి? మార్కులే లేవు గదా. అప్పుడు మొదటిసారి ఆర్జీయూకేటీ సెట్ అని ఎంట్రన్స్ పెట్టారు. 2020 డిసెంబరులో ఒకటి, 2021 సెప్టెంబరులో ఇంకొకటి. 2022లో పదో తరగతి పరీక్షలు మళ్లీ మామూలుగా జరిగాయి, ట్రిపుల్ ఐటీ మళ్లీ మార్కుల దారికి వచ్చింది.

ఇక్కడ ఒక వింత చూడండి. అదే కోవిడ్‌లో అమెరికాలో పరీక్ష సెంటర్లు మూతపడితే అక్కడి కాలేజీలు ఎంట్రన్స్ తీసేశాయి. మన దగ్గర స్కూలు పరీక్షలు ఆగిపోతే ఎంట్రన్స్ పెట్టారు. కారణం ఒకటే, ఎదురుగా ఉన్న కొలతల్లో ఏది పనిచేస్తుంటే దాన్ని పట్టుకున్నారు. అంటే ఏ పద్ధతీ దేవుడు రాసిన రాత కాదు. కొలత పాడైతే కొలతని మార్చాలి, మార్చొచ్చు కూడా.

ఈఏపీసెట్: మధ్య దారి లెక్క

ఇంటర్ చదివే వాళ్లకి ఇది అసలు విషయం. జాగ్రత్తగా వినండి.

ఏపీ ఈఏపీసెట్ ర్యాంకు ఒక్క ఈఏపీసెట్ మార్కులతోనే రాదు. 75 శాతం ఎంట్రన్స్‌ది, 25 శాతం ఇంటర్ గ్రూపు సబ్జెక్టులది. కోవిడ్ టైంలో ఈ ఇంటర్ వెయిటేజీ ఆపేశారు. 2023లో మళ్లీ తెచ్చారు. తెలంగాణ మాత్రం 2023లో వెయిటేజీని పూర్తిగా తీసేసింది. ఒకప్పుడు ఒకే ఎంసెట్ రాసిన రెండు రాష్ట్రాలు ఇప్పుడు రెండు దారుల్లో ఉన్నాయి.

ఇప్పుడు లెక్క చేద్దాం. సెషన్ల మధ్య నార్మలైజేషన్ గొడవ పక్కన పెట్టి, సూటిగా చూద్దాం. ఈఏపీసెట్ 160 మార్కులకి.

మాచర్లలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివిన ఒక అమ్మాయి. ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో 95 శాతం. ఈఏపీసెట్‌లో 60 మార్కులు. ఇంటర్ నుంచి 23.75, ఎంట్రన్స్ నుంచి 28.12. మొత్తం 51.87.

గుంటూరులో కోచింగ్ తీసుకున్న ఒక అబ్బాయి. ఇంటర్‌లో 80 శాతం. ఈఏపీసెట్‌లో 66. ఇంటర్ నుంచి 20, ఎంట్రన్స్ నుంచి 30.94. మొత్తం 50.94.

ఎంట్రన్స్‌లో ఆరు మార్కులు వెనకబడ్డ అమ్మాయి ర్యాంకులో ముందుకొచ్చింది. వెయిటేజీ లేకపోతే అబ్బాయే ముందు. అదే అబ్బాయికి 72 వచ్చి ఉంటే మొత్తం 53.75, అప్పుడు వెయిటేజీ ఉన్నా అతనే ముందు. అంటే ఇంటర్‌లో 15 శాతం తేడా ఈఏపీసెట్‌లో ఎనిమిది మార్కులతో సమానం. ఈ ఒక్క వాక్యం రాసిపెట్టుకోండి.

దీన్నుంచి రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, ఇంటర్ మార్కులు పనికిరావు, ఎంట్రన్స్ చదివితే చాలు అని చెప్పేవాళ్ల మాట ఆంధ్రాలో చెల్లదు. ముందు ఎనిమిది మార్కుల తేడాకి ఎన్ని వేల ర్యాంకులు మారతాయో మీ సీనియర్లని అడగండి. రెండు, ఇంటర్ మార్కులే కాపాడతాయి అనుకుని ఎంట్రన్స్ వదిలేసినా నష్టమే. బరువు మూడు వంతులు అటువైపే ఉంది.

ఇంకో ఇబ్బంది కూడా చెప్పాలి. ఈఏపీసెట్ కంప్యూటర్ మీద రాయాలి. కార్పొరేట్ కాలేజీ పిల్లలు అలాంటి మాక్ టెస్టులు బోలెడు రాసి వస్తారు. మౌస్ పట్టుకోవడమే మొదటిసారి అయిన పిల్లాడికి మొదటి పదిహేను నిమిషాలు భయంతోనే పోతాయి. ప్రశ్న తెలియక కాదు, ఆ వాతావరణం తెలియక. ఎంట్రన్స్ అంటే అందరికీ ఒకే పేపరు కాబట్టి న్యాయం అంటారు గదా, పేపరు ఒకటే, దాని ముందు కూర్చునే అలవాటు మాత్రం ఒకటి కాదు. ప్రతి ఏటా అధికారిక వెబ్‌సైట్‌లో ఉచితంగా మాక్ టెస్ట్ పెడతారు. స్కూల్లో, ఇంటర్నెట్ సెంటర్లో, స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో, ఎక్కడైనా సరే, కనీసం రెండుసార్లు రాసి వెళ్లండి.

పక్క రాష్ట్రాలు ఏం నేర్పుతున్నాయి?

తమిళనాడు ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌ని చట్టం చేసి తీసేసింది. 2006లో చట్టం వచ్చింది. 2007 నుంచి అక్కడ ప్లస్ టూ మార్కులతోనే ఇంజనీరింగ్ సీటు. పల్లె పిల్లలకి కోచింగ్ భారం తప్పాలన్నదే అక్కడా కారణం. కానీ ఒక్క ఎంట్రన్స్ తీసేస్తే సరిపోలేదు. ప్రభుత్వ స్కూలు పిల్లలు మంచి కాలేజీల్లో తక్కువే ఉన్నారని గమనించి, 2021లో ఇంజనీరింగ్ లాంటి కోర్సుల్లో వాళ్లకి 7.5 శాతం సీట్లు విడిగా కేటాయించారు. మన 4 శాతం స్కోరూ ఆ 7.5 శాతమూ అన్నదమ్ముల లాంటివి. ఎంట్రన్స్ ఉన్నా లేకపోయినా, స్కూళ్ల మధ్య తేడా దానంతట అది పోదు.

ఢిల్లీ దీనికి వ్యతిరేక దిశలో వెళ్లింది. ఢిల్లీ యూనివర్సిటీలో డిగ్రీ సీట్లు అంతకుముందు పన్నెండో తరగతి మార్కులతో ఇచ్చేవారు. 2021కి వచ్చేసరికి కొన్ని కాలేజీల్లో కటాఫ్ నూటికి నూరు అయింది. నూరు కన్నా పైకి పోవడానికి లేదు గదా. 2022 నుంచి సీయూఈటీ ఎంట్రన్స్ తెచ్చారు.

జేఈఈ మెయిన్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2013 నుంచి 2016 దాకా ర్యాంకులో బోర్డు మార్కులకి 40 శాతం బరువు ఇచ్చారు. ఒక రాష్ట్రం బోర్డు గట్టిగా దిద్దుతుంది, ఇంకో రాష్ట్రం బోర్డు చేతికి ఎముక లేకుండా ఇస్తుంది. వాటిని సమానం చేయడం తలనొప్పి అయింది. 2017 నుంచి ఆ బరువు తీసేశారు. ఒకే బోర్డు ఉన్న రాష్ట్రంలో మార్కుల పద్ధతి నడిచినంత తేలిగ్గా దేశం మొత్తానికి నడవదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

అమెరికా వెనక్కి తిరిగింది, ఎందుకు?

అక్కడ మొదటగా 1969లో బోడిన్ అనే కాలేజీ శాట్ స్కోరు మీ ఇష్టం అంది. చాలా ఏళ్లు దాన్ని కొద్దిమందే అనుసరించారు. 2020లో కోవిడ్ రాగానే దాదాపు పేరున్న కాలేజీలన్నీ అదే దారి పట్టాయి. మార్కులు, వ్యాసాలు, టీచర్ల ఉత్తరాలు చూసి సీట్లిచ్చారు.

2022లో ఎంఐటీ మళ్లీ పరీక్ష తప్పనిసరి చేసింది. 2024లో డార్ట్‌మత్, యేల్, బ్రౌన్, హార్వర్డ్ కూడా పరీక్ష స్కోరు మళ్లీ అడగడం మొదలుపెట్టాయి. డార్ట్‌మత్ వాళ్లు చెప్పిన కారణం వింటే మనకి బాగా పనికొస్తుంది. పేద కుటుంబాల నుంచి వచ్చిన కొంతమంది పిల్లలకి ఫరవాలేదనిపించే స్కోరు వచ్చింది. మిగతా వాళ్లతో పోల్చి 'నాది తక్కువ' అనుకుని వాళ్లు పంపలేదు. నిజానికి వాళ్ల స్కూలు పరిస్థితితో కలిపి చూస్తే అది చాలా మంచి స్కోరు. పంపి ఉంటే సీటు అవకాశం పెరిగేది. ఇష్టం వాళ్లకే వదిలేస్తే, సలహా చెప్పేవాళ్లు ఉన్నవాళ్లు తెలివిగా వాడుకున్నారు. చెప్పేవాళ్లు లేనివాళ్లు దాచుకుని నష్టపోయారు.

టెక్సాస్‌లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రాష్ట్రంలో 1997లోనే ఒక చట్టం చేశారు. ఏ స్కూలైనా సరే, ఆ స్కూల్లో మొదటి పది శాతంలో ఉన్న పిల్లలకి రాష్ట్ర యూనివర్సిటీల్లో చోటు. పిల్లాడిని ఎక్కడో దూరంగా ఉన్న పిల్లాడితో పోల్చకుండా, అదే బెంచీల మీద, అదే టీచర్ల దగ్గర చదివిన వాళ్లతో పోల్చడం. తర్వాత పెద్ద క్యాంపస్‌లో ఆ శాతం తగ్గించారు గానీ, ఆలోచన మాత్రం ఇప్పటికీ బతికే ఉంది.

ఎంఎస్‌కి వెళ్లాలనుకునే వాళ్లకి

నరసరావుపేట చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫైనల్ ఇయర్ చదివే ప్రతి నలుగురిలో ఒకరు అడిగే మాట: అన్నా, జీఆర్ఈ రాయాలా, వద్దా? ఫీజే ఇరవై వేల రూపాయల పైన.

2020 తర్వాత చాలా యూనివర్సిటీలు జీఆర్ఈ తప్పనిసరి కాదన్నాయి. కొన్ని డిపార్ట్‌మెంట్లు మళ్లీ అడుగుతున్నాయి. అందుకని యూనివర్సిటీ పేరు చూసి నిర్ణయించొద్దు, మీరు చేరాలనుకునే డిపార్ట్‌మెంట్ పేజీ చూడండి. అక్కడ 'అవసరం లేదు' అని ఉందా, 'మీ ఇష్టం' అని ఉందా, 'చూడం' అని ఉందా? నేను మొదట్లో చెప్పిన మూడు రకాలు ఇక్కడ పనికొస్తాయి.

చూడం అంటే డబ్బు మిగుల్చుకోండి. మీ ఇష్టం అంటే మీ మిగతా కాగితాల బలం చూసుకోండి. సీజీపీఏ బాగుండి, చేసిన ప్రాజెక్టు గట్టిగా ఉండి, సర్ మీ గురించి నిజంగా తెలిసి ఉత్తరం రాస్తే, జీఆర్ఈ లేకుండా వెళ్లొచ్చు. సీజీపీఏ ఆరు, ఏడు మధ్య ఉండి, మ్యాథ్స్ మీద పట్టున్నవాళ్లు అయితే, మంచి జీఆర్ఈ స్కోరు ఒక్కటే మీ తరఫున మాట్లాడే సాక్షి కావచ్చు. పరీక్ష తీసేస్తే మిగిలిన వాటి మీద బరువు పెరుగుతుందని మర్చిపోవద్దు. ఇక ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ లాంటి ఇంగ్లీషు పరీక్ష వేరే సంగతి. జీఆర్ఈ వద్దన్న చోట కూడా అది అడుగుతారు.

'ఎంట్రన్స్ అక్కర్లేదు' అనే బోర్డు చూస్తే

ఇది చాలా ముఖ్యం. జూన్, జూలై వచ్చేసరికి మన బస్టాండ్ల దగ్గర, ఫోన్‌లో ప్రకటనల్లో 'ఎంట్రన్స్ లేకుండా డైరెక్ట్ అడ్మిషన్' అని కనపడుతుంది. ఇదీ ఒక రకం టెస్ట్ ఆప్షనలే. కాకపోతే పరీక్ష బదులు డబ్బు అడుగుతారు.

ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీల్లో 30 శాతం సీట్లు మేనేజ్‌మెంట్ కోటా. అందులో ఇంటర్ మార్కులతో కూడా సీటు వస్తుంది, చట్ట ప్రకారమే. తప్పేం లేదు. కానీ ఆ సీటుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కన్వీనర్ కోటాలో, అంటే ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీటు వస్తేనే అర్హులకి ప్రభుత్వం ఫీజు కడుతుంది. ఈ ఒక్క తేడా తెలియక, పిల్లాడిని చేర్పించి, రెండో ఏడాది నుంచి ఫీజు కట్టలేక మానిపించిన ఇళ్లు మన పల్నాడులో ఉన్నాయి. చేరేముందు ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ఈ సీటు కన్వీనర్ కోటానా, మేనేజ్‌మెంట్ కోటానా? నోటి మాట కాదు, కాగితం మీద చూపించమనండి.

ఇప్పుడు మీరు ఏం చేయాలి?

పదో తరగతిలో ఉంటే, ఒక్క దారి పట్టుకుని కూర్చోవద్దు. ట్రిపుల్ ఐటీకి ఎంట్రన్స్ లేదు, అప్లికేషన్ మాత్రం ఉంది. మంచి మార్కులొస్తే వాళ్లే పిలుస్తారనుకుని గడువు దాటబెట్టుకునే వాళ్లు ఉంటారు. నోటిఫికేషన్ చూసి మీరే పెట్టుకోవాలి. మీ స్కూలు డిప్రివేషన్ స్కోరు కిందకి వస్తుందో లేదో అందులోనే చూసుకోండి. దాంతోపాటు ఏపీఆర్‌జేసీ సెట్ కూడా రాయండి. మన మాచర్ల పక్కనే నాగార్జునసాగర్‌లో, విజయపురి సౌత్‌లో, ఏపీ రెసిడెన్షియల్ కాలేజీ ఉంది. పాలిసెట్ కూడా ఉంది. ఒకటి మార్కుల దారి, రెండు ఎంట్రన్స్ దారులు. మూడూ తెరిచి పెట్టుకుంటే ఏ ఒక్క రోజు పరీక్ష బాగా జరగకపోయినా చదువు ఆగదు.

ఇంటర్‌లో ఉంటే, 15 శాతానికి ఎనిమిది మార్కుల లెక్క గుర్తుపెట్టుకోండి. డిగ్రీలో చేరాలనుకుంటే బీఏ, బీకాం, బీఎస్సీ లాంటి వాటికి ఆన్‌లైన్ అడ్మిషన్లలో ఇంటర్ మార్కులే చాలు.

ఇక నా మాట అడిగితే, ఎంట్రన్స్ ఉండాలా, వద్దా అన్నది తర్వాతి ప్రశ్న. మొదటి ప్రశ్న, మనం చూసే కొలతని డబ్బుతో ఎంత తేలిగ్గా కొనొచ్చు అన్నది. కోచింగ్‌తో ర్యాంకు కొనొచ్చు. పెద్ద స్కూలుతో మార్కులూ కొనొచ్చు. ఏ పిల్లాడు ఎక్కడి నుంచి బయల్దేరాడో చూసి, ఎంత దూరం నడిచాడో లెక్కేసే పద్ధతి ఏదైనా నాకు ఇష్టమే. ట్రిపుల్ ఐటీ 4 శాతం స్కోరులో ఆ ఆలోచన ఉంది. ఈఏపీసెట్ 25 శాతంలో కొంచెం ఉంది. రెండూ బతకాలంటే పదో తరగతి హాల్లోనూ, ఇంటర్ హాల్లోనూ పరీక్ష నిజాయితీగా జరగాలి. అది కలెక్టర్ గారి పని, టీచర్ల పని, మన అందరి పని కూడా.

వచ్చే ఎపిసోడ్‌లో ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు ఏ వరసలో పెట్టుకోవాలో చెప్తాను. ఈలోగా మీ ఇంట్లో, మీ వీధిలో పదో తరగతి పిల్లలెవరైనా ఉంటే, ఈ లింక్ వాళ్ల అమ్మానాన్నలకి పంపండి. ఉంటాను.